ఎన్నొద్దులు

మొదటి దినమే అడిగిన:
"తాతా, సాము ఎన్నొద్దులకు వస్తది?"
ఈదయ్య తాత మెడ తిరగదు.
నన్ను జూడాలంటే మనిషి మొత్తం తిరగాలె.
మెల్లగ, పాదం ఎంబడి పాదం జరుపుకుంట
తిరిగిండు.
"ముందుగాల చీపురందుకో" అన్నడు.

మర్రిగూడ అవుతల
బోర్లెండి, బత్తాయి చెట్లు కొట్టేసిన తోట మా సామునేల.
మొద్దులు పీకిన గుంతలు పూడ్చుడు,
రాళ్ళేరుడు, ఎర్రమట్టి పరుసుడు,
వానకాలం వానకాలమంత గదే పని.
బడిల కరాటే నేర్సుకునే నా తోటి పిల్లలకు
మూన్నెల్లకు పసుపు బెల్టు, ఆర్నెల్లకు పచ్చది,
పైసలు గడితే ఫోటో దిగి సర్టిఫికెట్టు.
నాకు దసరా నాటికి
కర్రను పట్టుకునుడే రాలె.

"గట్ల పిసుకుతవేంది సైదమ్మా?
ఈనలేని గొర్రె కడుపుల చెయ్యి వెట్టి
పిల్ల కాలు పట్టినట్టు పట్టు.
బిగిస్తే ఇరుగుతది, వదిలితే జారుతది."
నేనెప్పుడు గొర్రెను ఈనిపియ్యలె.
ఆ సలికాలం గదిగూడ నేర్సుకున్న,
తాత మంద కాడ, లాంతరు ఎలుగుల,
మోచేతుల దాక నెత్తురుతోని.
పిల్ల బతికింది.
కర్ర మాత్రం తెల్లారి మల్ల కిందవడ్డది.

తాత చేతులు భుజం దాటి లేవవు.
మొద్దు మీద కూసొని కండ్లు మూసుకొని
కర్ర కూత వింటడు.
"దగ్గుతుంది" అంటే నా మణికట్టు బిగిసిందన్నట్టు.
"ఏడుస్తుంది" అంటే అడుగు తప్పిందన్నట్టు.
ఒక్కొక్కపారి ఏమనడు.
ఆ ఏమనకపోవుడు కోసం
రెండేండ్లు తిప్పిన.
చెవి మీద బుడిపె, మోకాలి చిప్ప మీద నల్లమచ్చ.
అమ్మ పసుపు నూరి నూరి
"ఆ ముసలోనికి బుద్ధిలేదు, నీకు సిగ్గులేదు" అని
ఇద్దరికి కలిపి ఒక్కటే తిట్టు తిట్టేది.

మూడో ఏడు మల్ల అడిగిన.
ఏడుపు గొంతుతోనే అడిగిన.
తాత కర్రకొసతోని చేతిబోరు దిక్కు జూపిండు.
పిడి ఊడిపోయి, ఒంటికి ఎర్రరంగు కొట్టి ఉన్నది.
"ఎనిమిదేండ్ల పోరగాన్నప్పుడు తాగిన దీని నీళ్ళు.
సల్లగుండె. తియ్యగుండె.
రోజుకెన్ని చెంబులో, ఎన్నేండ్లో.
ఏ చెంబుకు నా మెడ బిగిసిందో చెప్పు.
ఏ చెంబుకు ఎన్ను వంగిందో నువ్వే చెప్పు."
నేనేం చెప్త.
"బొక్కలకెక్కేది ఏదైనా గట్లనే ఎక్కుతది బిడ్డా.
లెక్కవెట్టేటోనికి దొరకది.
నాకు ఇసమెక్కింది.
నీకు గిదన్న ఎక్కనియ్యి."

మల్ల అడగలె.

ఒకనాడు పొద్దుగూకంగ, బాయి ఒడ్డు మీద
తాత కాలు జారింది.
నేను చూసినట్టుగూడ యాదికి లేదు.
కుడికాలు నన్నడగకుంట ముందటికి వోయింది,
నడుము నన్నడగకుంట కిందికి దిగింది,
కర్ర వోయి ఆయన చంక కింద నిలవడ్డది.
బరువు. చెమట వాసన, బీడీ వాసన.
ఎండిన బాయిల ఒక రాయి
మెట్టు మెట్టు తాకుకుంట పోయి
చాన సేపటికి ఆగింది.
కర్రకు యాలాడుకుంటనే తాత అన్నడు:
"ఎడమకాలు ఆలస్యమైంది."

ఇప్పుడు ఊర్లె నల్లాల కృష్ణ నీళ్ళు.
నా తాన నేర్సుకునే పోరగాండ్లు
పిలిస్తే చాలు, మెడలు గిర్రున తిప్పుతరు.
ఆ మెడల దిక్కు చూసుకుంట
చెప్పేది మర్సిపోత ఒక్కోపారి.

తాత పోయి ఆరేండ్లు.
పొద్దుగాల్ల, ఎవ్వరు రాకముందు,
బాయి దిక్కు మొఖం పెట్టి
ఒక్కదాన్నే నిలవడి
ఎడమకాలు తీస్త, పెడ్త.
ఇంక ఆలస్యమే.