పలకలు మార్చిన రోజు

డెనిజ్లీలో, తువ్వాళ్ల మిల్లు వెనక రేకుల షెడ్డులో
ఇనుప పలకల కట్టను తూచడం నా పని.
తొట్టిలోకి దిగేటప్పుడు నలభై రెండు కిలోలు.
నెల తిరిగాక పైకి లాగితే పంతొమ్మిది,
అంచులు ఎవరో కొరికిన రొట్టెలా,
నడుమ వెలుగు కనబడే తూట్లతో.

కొత్తగా వచ్చిన గుమాస్తా ముఅమ్మెర్ బే
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అడిగాడు:
"ఇరవై మూడు కిలోలు ఏమయ్యాయి, సెవిలాయ్ హనిమ్?"
అప్పటికే పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించి
రెండుసార్లు నిలదీశాడట.

చెబితే వినే మనిషి కాదు.
చేయి పట్టి లాక్కెళ్లినంత పని చేశాను.

పొద్దుటి షిఫ్టు దానిమ్మ రంగు అద్దింది.
తొట్టి నిండా అదే, చిక్కగా, ఉప్పుగా.
మీట వేశాను. మోత లేదు, మెరుపు లేదు.
పన్నెండే వోల్టులు, కారు బ్యాటరీ పాటి.
పలకల సందుల్లోంచి సన్నటి బుడగలు,
పాలు పొంగే ముందు గిన్నె అంచున చేరేవాటిలా.
పావుగంటకోసారి ధ్రువాలు తారుమారవుతాయి.
ఇందాక కరిగిన పలకకి కాస్త ఊపిరి,
ఇందాక చూస్తూ నిలబడ్డదానికి ఇప్పుడు వంతు.

ఎరుపు ముందు మురికి పచ్చయింది.
"పాడు చేశావు" అన్నాడు.
ఆగమన్నాను.
పచ్చ విరిగి తుప్పురంగు తునకలైంది.
ఒక్కో తునకా తన చుట్టూ ఇంత ఎరుపును పోగేసుకుని
నురగతో తేలింది కొంత, అడుక్కి దిగింది కొంత.

గాజు గ్లాసులో పట్టి ఆయన చేతికిచ్చాను.
నీళ్లు తేరుకున్నాయి,
జ్వరం విడిచిన మనిషిలా, ఇంకా కొంచెం నీరసంగా.
గ్లాసు అవతల ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు.
తాగకండి, ఉప్పు దీనికి లొంగదు, అన్నాను.

ఆయనకి తాగే ఉద్దేశం లేదు.
చిట్టా తెరిచాడు. అందులో గడులు మూడు:
అమ్మకం, తుప్పు, దొంగతనం.
కలం మూత పళ్ల మధ్య కరిచి చాలాసేపు నిలబడ్డాడు.
ఆ తర్వాత స్కేలు పెట్టి నాలుగో గీత గీశాడు.
పైన "నీళ్లకి" అని రాసి, కింద 23.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"మరి ఆ బురద?"
బస్తాల్లో ఆరబెడతాం. గురువారం లారీ వస్తుంది.
"ఎక్కడికి పోతుంది?"
లారీవాడు చెప్పే ఊరి పేరే నేనూ చెప్పాను.
నేనెప్పుడూ చూడలేదు ఆ ఊరు.

ముఅమ్మెర్ బే మళ్లీ స్కేలు తీశాడు.