మూడు వందల దాకా

మా కుమాసీలో దీనికో పేరుంది: దుమ్సొర్.
దుమ్ అంటే ఆర్పు, సొర్ అంటే వెలిగించు.
రెండూ ముందే చెప్పి పెట్టారు గనక
ఎవర్నీ తిట్టడానికి లేదు.

నేను చావు పోస్టర్లు చేస్తాను.
బాంటమాలో, మెట్ల కింద గదిలో
ఒక కంప్యూటరు, విరిగిన చెయ్యి కుర్చీ,
కాళ్ళ దగ్గర ముసలి కుక్కలా బ్యాటరీ పెట్టె.
శనివారం అంత్యక్రియలంటే
గురువారం రాత్రికి మొహం ప్రెస్సు చేరాలి.

ఈ గురువారం నానా అఫ్రకోమా.
తొంభై ఒకటి. కెంకే అమ్మి ఆరుగుర్ని పెంచింది.
ఇంట్లో దొరికింది ఒక్కటే ఫోటో,
ఓటరు కార్డు మీది, బొటనవేలి గోరంత.
"నవ్వుతున్నట్టు చెయ్యమ్మా" అన్నాడు పెద్దకొడుకు.
"బతికుండగా నవ్వేది కాదనుకో."

కుడి పెదవి కొస అయింది. ఎడమకి వచ్చాను.
రేకుల మీద వాన.
ముందు ఫ్యాను ఆగింది, తర్వాత వీధి.
కింద పెట్టె కీచుమంది.

ఏడు నిమిషాలు.
కొత్తలో ఇరవై ఇచ్చేది.
బ్యాటరీకీ వయసొస్తుంది, అడిగితే ఒప్పుకోదు.

ముసలమ్మని దాచాను. నమ్మకం లేక మళ్ళీ దాచాను.
పెన్ డ్రైవులో ఇంకోసారి దాచి
జాకెట్టులో దోపుకున్నాను.
అన్నీ ఆపి, గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

రెండేళ్ళ కిందట పీకలేదు.
ఆ రాత్రి కరెంటు ఊరికే రాలేదు, దూకింది.
బెదియాకో వచ్చి, మాడిన బోర్డు వాసన చూసి
టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.
"పోవడం వల్ల ఏదీ చావదు, కొనాదూ.
రావడం వల్లే."
లోపలున్న నూట అరవై మందీ
రెండోసారి పోయారు.
ఈసారి ఎవరూ ఎర్రబట్ట కట్టలేదు.

ఇప్పుడు ఒక్క బల్బు మాత్రం వదిలేస్తాను,
వచ్చేదాని మొహం చూడ్డానికి.

వచ్చింది. వీధంతా ఒకటే అరుపు.
పిల్లలు వానలోకి ఉరికారు.
పక్కింటి ఫ్రిజ్జు గొంతు సవరించుకుంది.
బల్బు తెల్లగా, మరీ తెల్లగా,
కళ్ళెర్ర చేసినవాడి నవ్వులా.

ఒకటి. రెండు.
ఫోను మోగింది: "లైటొచ్చిందిగా, మొదలెట్టవేం?"
"నూట పన్నెండు" అన్నాను.
"ఏమిటీ?"
"నూట పదమూడు."

రెండొందల నలభై దగ్గర బల్బు పసుపెక్కింది.
అయినా మూడు వందలదాకా ఆగాను.
బెదియాకో చెప్పింది వందే;
మిగతా రెండొందలూ నా భయానివి.

ఎడమ కొసకి టైము మిగల్లేదు.
పెద్దకొడుకు వచ్చి, తెర ముందు వంగి
చాలాసేపు చూశాడు.
"చిల్లర ఎగ్గొట్టినవాణ్ణి
పేరు పెట్టి పిలిచే ముందు
ఇలాగే ఉండేది" అన్నాడు.

డబ్బు లెక్కపెడుతుండగా మళ్ళీ పోయింది.
అతని వేళ్ళు ఆగలేదు.
చీకట్లో నోట్ల చప్పుడు వింటూనే
నేను వంగి
ప్లగ్గు తడుముకున్నాను.