లంగరు దొరికింది

నిన్న ఆడ కట్టిన బోటును
ఇయ్యాల ఈడ విప్పుతున్న.
నడుమ పదమూడడుగుల బురద.
రాత్రికి రాత్రి ఎవరికో బాకీ కట్టొచ్చినట్టు
కృష్ణ బక్కగ, మాట్లాడకుంట పండుకొని ఉంది.

ఆగస్టుల వేలం పాడినం
మద్దిలేటి, నేను, సగం సగం.
పన్నెండు నెలల రేవు, లక్షా ఎనభై వేలు.
రసీదు మీద పన్నెండు నెలలనే ఉంది.
నీళ్లెన్ని నెలలో
రసీదు అచ్చుగొట్టినోనికి తెల్వదు.
అడుగబోతే సెక్రటరీ అన్నడు:
"పంచాయతి అమ్మింది రేవును ఉరుకుందూ,
నీళ్లను గాదు."
నిజమే.
కల్లు లేని కుండను కొన్నోడు
కుండకు వంక పెట్టొద్దు గద.

గేజీ రాయి ఎండల నిలబడ్డది,
తెల్లరంగు మీద నల్ల అంకెలు,
దాని కాళ్లకాడ మేకలు.
రాసే పిలగాడు పొద్దుగాల బైకు మీద వస్తడు.
రాయి దిక్కు సూడడు,
ఫోన్ల సూసి బుక్కుల ఎక్కిస్తడు.
"ఎంతున్నది తమ్మీ?" అంటె
"ఎనిమిది వందల ఇరవై రెండు" అంటడు,
జ్వరం చెప్పినట్టు.
ఆ అంకెకు నా బోటు పంక
ఏ బండకు తాకుతదో
ఏ బుక్కులనూ లేదు.

రాత్రి టర్బయిన్లు తిరిగినయంట.
ఏడనో ఇండ్లల్ల ఫ్యాన్లు తిరిగినయి, మంచిదే.
తెల్లారి సూస్తె మా రేవు లేదు.
ఈ ఒడ్డోళ్లు ఆ ఒడ్డోళ్లే తోడుకున్నరంటరు,
ఆ ఒడ్డోళ్లు ఈ ఒడ్డోళ్లనంటరు.
నేను రెండొడ్లకు మనుషులను దాటించెటోణ్ణి,
ఇద్దరి తిట్లు నా బోటులనే కూసొని పోతయి,
టికెట్టు లేకుంట.

పోయిన నెల సార్లొచ్చి
లైఫ్ జాకెట్లు లెక్కపెట్టిండ్రు.
ఇరవై ఉండాలె, పద్దెనిమిదున్నయి.
జరిమానా రాసిన సారు బురదల దిగబడితె
వీపు మీద ఎక్కించుకొని ఒడ్డుకు తెచ్చిన.
మోకాళ్లలోతు నీళ్లల్ల
ఇంక రెండు జాకెట్లు ఎవరిని తేలుస్తయని
అడుగుదామనుకున్న.
అడుగలే. ఆయన బరువు నా మీదుంది.

సవారమ్మ మిరపకాయల మూటతోని వచ్చింది.
మెట్లు దిగింది, మెట్లయిపోయినయి.
రాళ్లు దిగింది, రాళ్లయిపోయినయి.
బురదల పలకలు పరిచినం.
బోటు అంచు పట్టుకొని, ఊపిరి తీసుకొని
"సగం దారి నేనే నడిస్తి,
నలభై ఎట్ల తీసుకుంటవు?" అన్నది.
ముప్పై తీసుకున్న.
మద్దిలేటి మూడు దినాలు నాతోని మాట్లాడలే.

ఇగ అసలు సంగతి.
భాద్రపదంల వరదకు
తాడు తెగి పోయింది మా లంగరు.
ఈతగాళ్లను దించి రెండు దినాలు దేవులాడిన.
ఆఖరికి కొల్లాపురం వెల్డింగు షాపుల
కొత్తది చేయించిన, నాలుగు వేలకు.
ఇయ్యాల పైకి సూస్తె,
అవు, పైకే,
గుట్ట వాలుల రెండు బండల నడుమ
ఇరుక్కొని ఉంది, కొండి ఆకాశం దిక్కు.
బోటుల నిలబడి
తలెత్తి లంగరును సూసినోడు
ఈ నదిల నేనొక్కణ్ణేనేమో.

ఎక్కిన. సగంకాడ కూసున్న, దమ్ము రాక.
తుప్పు పట్టింది గని పట్టు ఇడువలే.
తెగిన తాడు ముక్క ఎండి కట్టె లెక్కయింది,
దాని ముడి నేనేసిందే.
ఎంత గుంజినా కదలలే.
ఒక్కసారి నవ్వొచ్చింది,
ఎనుకనే కోపమొచ్చింది,
రెండూ ఎవరి మీదనో తెల్వలే.

కింది నుంచి మద్దిలేటి ఒర్రుతుండు,
"పాత సామాన్లకేస్తె ఆరు నూర్లొస్తయి,
గడ్డపార పంపాల్నా?"
వద్దన్న.
తలకు సుట్టుకున్న ఎర్ర తువ్వాల విప్పి
కొండికి కట్టిన.
ఉండనీ ఆడనే.
నీళ్లు ఆ తువ్వాలను తడిపిన దినం
ఎవ్వల ఫోనూ నాకక్కర లేదు.

"ఇద్దరు మనుషులొచ్చిండ్రు, వస్తవా రావా?"
వస్తున్న.
దిగుడు చానా ఉంది.