ఎనిమిది గాట్లు

మ్వాంజా రేవులో ఏ కొట్టుకెళ్లినా
ముందు కనిపించేది ఏనుగే.
నీలి ఏనుగు, తొండమెత్తి, గోడ నిండా.
సబ్బంటే ఏనుగు, ఏనుగంటే సబ్బు.
బళ్లో పిల్లలు ఏనుగు బొమ్మ గీస్తే
నీలం రంగే వేసేవాళ్లు.

మాకున్నవి రెండు మరుగు బానలు,
అప్పు చేసి కొన్న ఒక అచ్చు యంత్రం,
మా యజమాని లుహెండె కడుపులో మంట.

మొదటి ఏడు ధర తగ్గించాడు.
ఏనుగు తల కూడా తిప్పలేదు.
తోక ఒక్కసారి ఊపింది:
తనూ యాభై షిల్లింగులు తగ్గించింది, ఒకే ఒక్క నెల.
ఆ నెల మాకు జీతాల్లేవు.

రెండో ఏడు రేడియోలో అరిచాం.
మా అరుపు విన్నవాళ్లు కొట్టుకెళ్లి
"ఆ కొత్త ఏనుగు సబ్బివ్వు" అన్నారు.

అప్పుడు నన్ను పడవెక్కించాడు.
"ఏమీ అమ్మకు. ఊరికే కూర్చుని చూసి రా."

ఉకరా దీవిలో న్యాంజిగె కొట్టు.
మూడు రోజులు ఎండుచేపల బస్తా మీద కూర్చున్నాను.
అక్కడ నిండు కడ్డీ ఎవరూ కొనరు.
ఒక ముక్క, అరముక్క, ఒక్క ఉతుకుకి సరిపడా.
ఆమె ఓ కన్ను మూసి, గురి చూసి, కత్తి దించేది.
అయినా ఒకటి బొద్దు, ఒకటి బక్క.
బక్కది వచ్చినావిడ మొహం మాడ్చుకుని
"నీ మరదలికైతే లావుగా కోస్తావులే" అనేది.
రాలిన పొట్టు కాగితంలోకి ఎత్తుకుంటూ
న్యాంజిగె నాతో అంది:
"రోజుకో తగువు, వారానికో కడ్డీ,
ఈ కత్తే తినేస్తోంది నాయనా."

ఏనుగు చెవులు పెద్దవే.
ఈ కొట్టు గుమ్మంలో పట్టవు.

తిరిగొచ్చి లుహెండెకి ఒక్క మాటే చెప్పాను: గాట్లు.
అచ్చులో ఎనిమిది గాట్లు పెట్టించాం.
చేత్తో విరిస్తే టప్పున తొమ్మిది ముక్కలు,
తొమ్మిదీ ఒకే తూకం.
రేడియో లేదు. గోడలకి రంగు లేదు.
ఏనుగు లారీ ఎక్కడ ఆగిపోతుందో
అక్కణ్ణించి మా పడవ బయల్దేరేది.
రెండేళ్లలో, ఐదు దీవుల్లో
కొట్టు కత్తులకి మళ్లీ చేపలే దిక్కయ్యాయి.

తర్వాతది మీరూ ఊహించే ఉంటారు.
ఏనుగూ గాట్లు పెట్టింది. పది.
పేపర్లో నిండు పేజీ: మొట్టమొదటిసారిగా!
లుహెండె ఆ పేజీ మడిచి
టీ గ్లాసు కింద పెట్టుకుని పడీపడీ నవ్వాడు.
ఎంత భయపడ్డాడో
బల్ల మీద గ్లాసు టకటకలాడి చెప్పేసింది.

దీవుల్లో మాత్రం దాన్ని
"గాట్ల సబ్బులో ఆ నీలం రంగుది" అని అడిగారు.
అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

పోయిన వారం మళ్లీ ఉకరా వెళ్లాను.
న్యాంజిగె అరలో, మా పెట్టెల వెనక,
అరిటాకులో చుట్టిన గుండ్రటి ఉండలు.
"ఏంటివి?"
"ఒడ్డున ఓ పిల్ల కాస్తోంది. బూడిద, చేపకొవ్వు.
డబ్బు లేనివాళ్లకి చేపకో ఉండ."
"ఎన్ని పోతాయి?"
"వల నిండిన రోజు, మీకంటే ఎక్కువే."

నా పుస్తకంలో 'పోటీదారులు' అని ఒక గడి ఉంది.
ఏనుగు అని రాశాను.
దాని కింద కలం కాసేపు ఆగింది.
మూత పెట్టేశాను.

తిరుగు పడవలో, ఎవరూ చూడకుండా
జేబులోంచి ఆ ఉండ తీసి
సరస్సు నీళ్లతో చేతులు కడుక్కున్నాను.
నురగ బాగానే వచ్చింది.