బొందులు

రాయగడ పెద్దాసుపత్రిలో మొదటిరోజు
సిస్టరమ్మ నేర్పిన పని ఇదొక్కటే:
వార్డులోకొచ్చేవాళ్ళ బొందులు లాగేయడం.
లంగా బొందు, జాకెట్టు తాడు, చున్నీ,
కాలేజీ పిల్లయితే బూట్ల లేసులు.
కవర్లో వేసి నెంబరు రాయాలి.

గుణుపురం అవతల కొండమీంచి తెచ్చారు ఇందామిని.
మెడలో పూసలదండ ఇవ్వనంది.
ఆమెది సవర మాట, నాది తెలుగు, డాక్టరుబాబుది ఒడియా.
ముగ్గురి మధ్యా దండ తెగింది.

మంచాల కింద పాక్కుంటూ ఏరాను.
నూట పదకొండు, అని రాసి సంతకం పెట్టాను.
అంతకుముందు ఎన్నుండేవో
ఆమెనడగడానికి నాకు మాటల్లేవు.

రాత్రి విశాఖ బండి కూతేసి వెళ్ళాక
మాత్ర మింగిందో లేదో టార్చి వేసి చూస్తే
నాలిక కింద ఎర్రపూస.
చెయ్యి చాపాను. ఉమ్మింది.
తడిగా, వెచ్చగా, కందిగింజంత.

సిస్టరమ్మని లేపాలి.
మూడు నెలల జీతం రావాల్సిన కాంట్రాక్టుదాన్ని.
పూస ఆమె గుప్పిట్లోనే పెట్టి
"మాత్ర మింగింది" అని మాత్రం రాశాను.
నూట పదకొండు నూట పదకొండుగానే ఉంది.
తెల్లారేదాకా ఆ గుప్పిట పక్కనే కూర్చున్నాను.

పొద్దున ఇంటికెళ్ళి చీర మారుస్తుంటే
నా లంగా బొందు కాసేపు చేతికి తగల్లేదు,
లోపలెక్కడో మడతపడి.
నడుం పట్టుకుని నిలబడిపోయాను,
ఎవరో కవరు మీద నా నెంబరు రాస్తున్నట్టు.