డెమరేజి

జగన్నాథపురం వంతెన అవతల
బార్జి పొట్ట బురదకి ఆనుకుంది.
పాటు తీసింది. పోటొచ్చేదాకా ఎవరికీ పని లేదు.
లోడు మాత్రం పూర్తి:
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి,
నా సుద్దముక్క లెక్కన ఆరువేల నాలుగొందల బస్తాలు.
ఉప్పుడు బియ్యం. కోటొనూకి.

అప్పుడొచ్చింది హేమనళిని.
ఓడరేవుల మీద పరిశోధనట.
ఒక చేత్తో చెప్పులు, ఒక చేత్తో ట్యాబ్,
ఊగే పలక మీంచి నడిచొచ్చింది.
పడుతుందేమోనని సారంగు ధర్మారావు లేచి నిలబడ్డాడు.
పడలేదు.

తెర మీద ఒక గీత చూపించింది,
రామచంద్రపురం మిల్లు దగ్గర మొదలై
లంగరేసిన ఓడ దాకా.
కదిలినంత మేరా ఆకుపచ్చ, ఆగినంత మేరా ఎరుపు.
మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా ఉంది మా రేవు.

"ఆలస్యానికి కారణం?"
వాతావరణం, యంత్రాలు, కాగితాలు, ఇతరములు.
నాలుగు గళ్లు. ఒక్కటే నొక్కాలి.

గోదారండి, అన్నాడు ధర్మారావు.
ఏటేటా అంత మట్టి తెచ్చి పోస్తంటే
ఓడ ఒడ్డుకెలా వస్తాదండి?
అదక్కడ, మనమిక్కడ, మధ్యలో ఈ బార్జి.
మా తాతల్నాడు కోరంగి రేవుక్కూడా ఇదే జబ్బు.
ఆమె కాసేపు వెతికింది.
నదికి గడి లేదు. ఇతరములు నొక్కింది.

"ఓడ ఆగితే?" అడిగింది నూకాలు,
రాలిన గింజలు ఊడుస్తూ, తలెత్తకుండా.
డెమరేజి కడతారు. రోజుకింతని, డాలర్లలో.
"బస్తా ఆగితే?"
గోడౌను అద్దె.
"లారీ ఆగితే?"
హాల్టింగు చార్జీ, అన్నాన్నేను,
నన్నెవరూ అడక్కుండానే.

తర్వాతి ప్రశ్న నూకాలు అడగలేదు.
చీపురు పలకల సందుల్లో గీరుకుంటూ పోయింది.
టార్పాలిన్ నీడలో పద్దెనిమిది మంది జట్టు,
పొద్దుట్నుంచీ, తలకింద తలగుడ్డలతో.

వాళ్లకి బస్తాకింతని కూలి.
మోసిన బస్తాకి. ఎదురుచూసిన గంటకి కాదు.
ముప్పై ఏళ్లుగా బస్తాలు గీస్తున్నాను,
గంటని ఒక్కసారీ గీయలేదు.
నాది నెలజీతం. తోచలేదు.

హేమనళిని ట్యాబ్ ఒళ్లో బోర్లించింది.
"ఎన్ని గంటలు? ఎవరెవరు? మొదట్నుంచీ చెప్పండి."
చెయ్యి చాపి నా సుద్దముక్క తీసుకుంది.
నూకాలు చెబుతోంది. మూత చెక్క మీద
ఒక గీత, రెండోది, మూడోది కొంచెం వంకరగా,
నాలుగు...

నీళ్లు చుక్కానిని తాకాయి.
పోటండీ, దిగిపోవాలి మీరు, అన్నాడు ధర్మారావు.
జట్టు జట్టంతా ఒక్కసారి లేచింది,
మోకులు, కేకలు, ఇంజను దగ్గు.
ఒడ్డున ఆమె, నేను.
ఆమె వేళ్ల నిండా నా సుద్ద.

చెక్క బార్జి మీదే ఉండిపోయింది.
అడ్డగీత పడని నాలుగు గీతలు
కాలవ దాటి, ఓడ కేసి వెళ్తున్నాయి.