ఏడో లైను

కల్వకుర్తిల, పల్లికాయల మార్కెట్ ఎనుక
కుర్మయ్య మోటర్ వైండింగ్ అంటే
ఎవలన్న చూపిస్తరు.
ఇరవై ఆరేండ్ల సంది కాలిన మోటర్లు ఇప్పుతున్న.
కాయిల్ పట్టుకుంటె
ఎన్ని చుట్లో నా ఏళ్లే చెప్తయి.
గసుంటోన్ని
మూడు వందల అరవై రూపాయల పచ్చబోర్డు ముంగట
బడికి కొత్తగొచ్చిన పోరని లెక్క కూసున్న.

ఎందుకంటే
బోర్ల నీళ్లు అడుగంటినంక గూడ
మోటర్ తిరుగుతనే ఉంటది.
రైతు పండుకుంటడు, మోటర్ పండుకోదు.
తెల్లారి ట్రాలీల ఏసుకొని
నల్లగ నా కాడికి తెస్తరు.
నీళ్లు లేవని తెలుసుకొని
దానంతల అదే ఆగాలె.
గంతే నాకు కావాల్సింది.

అందర్ని అడిగిన.
ఇన్‌స్టిట్యూట్ సారు ఆర్నెల్లు, నలభై వేలు అన్నడు,
సర్టిఫికెట్‌కు లామినేషన్ ఫ్రీ అన్నడు.
బామ్మర్ది కొడుకు పైథాన్‌తోటి మొదలువెట్టు అన్నడు.
వాని దోస్తు, సీ రాకుంటె ఏదీ రాదన్నడు.
ఇద్దరు నా బల్ల మీదనే కొట్లాడి
నా పైసలతోటే చాయ్ తాగి పోయిన్రు.
మా ఇంటామె మాత్రం
"ముందుగాల అద్దాలు మార్పియ్యి" అన్నది.
అందరి సలహాలల్ల పనికొచ్చింది గదొక్కటే.

పాలిటెక్నిక్ చదివే శివలీల
వాళ్ల నాయిన మోటర్ కోసమొచ్చి నిలవడ్డది.
"ఏం చేస్తున్నవు కాకా?"
చెప్పిన. నవ్వుతదనుకున్న, నవ్వలే.
"మోటర్ ముచ్చట తర్వాత.
ముందుగాల గీ చిన్న లైటు
ఒక సెకను ఎలిగి ఒక సెకను ఆరాలె.
గది అయ్యేదాంక నన్నేం అడగకు."
తను రాసింది ఒకటి ఇచ్చింది.
"ఒక్కో లైను పీకెయ్యి,
ఏది పీకితె ఏం చెడుతదో చూసుకో" అన్నది.

ఖుద్దూస్ ఉస్తాద్ యాదికొచ్చిండు, జడ్చర్లల.
మూడు నెలలు కొత్త వైరు ముట్టనియ్యలే.
ఉలితోటి మాడిన తీగలు పీకుడే పని.
గోర్ల సందుల మసి, సబ్బుకు పోయేది కాదు.
మనసుల మస్తు తిట్టుకున్న.
పీకంగ పీకంగ ఎర్కైంది,
ఎవడో చుట్టిన తొవ్వ పట్టుకొని
ఎనుకకు నడుసుడే
చుట్టుడు నేర్సుకునుడని.

రాత్రి షట్టర్ సగం దించి
రెండు ఏళ్లతోటి కొట్టిన.
ఏడో లైనుల తప్పున్నదంటది మిషన్.
పదిసార్లు చదివిన. తుడిచేసి మల్ల రాసిన.
సక్కగనే ఉన్నది.
కోపమొచ్చి బయటికి పోయి బీడీ ముట్టిచ్చుకున్న.
గప్పుడు తట్టింది,
పని నేర్సుకునే పోరగాండ్లకు రోజూ నేను చెప్పేదే:
"పొగ లేసిన కాడ షార్టుండదుర,
దానికి ముందర చూడు."

ఆరో లైను.
చివర్ల చుక్క, చుక్క కింద కామా. అది లేదు.
ఆవగింజంత.
స్లాటుల కాయిదం ముక్క మరిస్తె
మోటరంత కాలినట్టు.

ఎలిగింది.
ఆరింది.
ఎలిగింది.
చుట్లు లెక్కవెట్టినట్టే లెక్కవెట్టుకుంట కూసున్న.
అరవై రెండుకు వచ్చినంక గాని సమజ్ కాలే,
ఎప్పుడు ఆగాలెనో దానికి నేను చెప్పనే లేదని.

పొద్దుగాల నా పనిపోరడు ఫెరోజ్ చూసిండు.
శానా సేపు చూసి అడిగిండు:
"ఉస్తాద్, మోటర్లు కాలకుంటె
మనమేం తినాలె?"
శివలీల తాన దీనికి జవాబు లేదు.
నా తాన గూడ లేదు.
రోడ్డు మీద అప్పటికే ఒక ట్రాలీ ఆగింది,
నల్లగ, తడిగ.

ఫెరోజ్ చేతిల ఉలి తీసి పక్కకు పెట్టిన.
నా కుర్చీల కూసోవెట్టిన.
వాడు చూడకుండ
ఆ ఆవగింజను మల్ల తీసేసిన.
"మిషన్ ఏమంటుందో చదువు."
"ఏడో లైను అంటుంది, ఉస్తాద్."
"అయితె చూడు మరి" అన్న.

వాడు ఏడో లైనే చూస్తున్నడు.
నేను చాయ్ చెప్పిన, రెండు.